ఏడు బిట్ల తీగపై తెలుగు: టెర్మినల్ యుగంలో లిప్యంతరీకరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంటి కంప్యూటరును టెలిఫోను తీగ ద్వారా దూరపు పెద్ద యంత్రానికి కలిపి, దానిపై పనిచేయించిన కాలాన్ని టెర్మినల్ యుగం అనవచ్చు. ఆ కాలపు తీగలు, తెరలు, ఉత్తరాల వ్యవస్థలు అన్నీ ఇంగ్లీషు అక్షరాల కోసం ఏర్పడ్డవే. 1990ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఆ పరిమితుల నడుమ తమ భాషను రాసుకొనడానికి ఒక లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించుకొన్నారు. అది ఆర్.టి.ఎస్. టెర్మినల్ సాఫ్ట్‌వేరు అమరికలకూ ఈ పద్ధతి నియమాలకూ గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోమన్ అక్షరాల్లో రాసినందువల్ల తెలుగు లిపికి కలిగిన లాభనష్టాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: టెర్మినల్, మోడెమ్, ఆస్కీ, లిప్యంతరీకరణ, ఆర్.టి.ఎస్., ఇస్కీ, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

తెలుగు లిపి చరిత్రను శాసనాలతో మొదలుపెట్టి తాళపత్రాలు, అచ్చుయంత్రాల మీదుగా చెప్పడం పరిపాటి. ఆ క్రమంలో అచ్చు తరువాత నేరుగా యూనికోడ్ ప్రస్తావన వస్తుంది. ఈ రెంటి నడుమ తెలుగు తన లిపిని పక్కన పెట్టి రోమన్ అక్షరాల్లో ప్రయాణం చేసిన దశ ఒకటి ఉంది. దానిని తాత్కాలికమైన సర్దుబాటుగా మాత్రమే భావించడం వల్ల ఆ దశకు తగిన పరిశీలన జరగలేదు. అప్పటి రాత ఎందుకు అలా ఉన్నదో తెలియాలంటే అప్పటి యంత్రం ఎలా పనిచేసేదో ముందు తెలియాలి.

2. ఇంటి యంత్రం టెర్మినల్‌గా మారిన విధం

టెర్మినల్ అనేది స్వయంగా లెక్కలు చేసే యంత్రం కాదు. మీటలు నొక్కితే అక్షరాలను దూరపు కంప్యూటరుకు పంపడం, అక్కడినుండి వచ్చిన అక్షరాలను చూపడం దాని పని. మొదట కాగితంపై కొట్టే టెలిటైపులు ఈ పని చేశాయి. తరువాత గాజుతెరలు వచ్చాయి. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ విడుదల చేసిన వీటీ100 తెరపై వరుసకు 80 అక్షరాల చొప్పున 24 వరుసలు పట్టేవి. తరువాతి టెర్మినళ్లకు అదే నమూనా అయింది.

1977లో ఆపిల్ 2, కమడోర్ పెట్, టీఆర్ఎస్-80 అనే మూడు ఇంటి కంప్యూటర్లు విపణిలోకి వచ్చాయి. ఇటువంటి యంత్రాన్ని టెర్మినల్‌లా నటింపజేసే కార్యక్రమమే టెర్మినల్ సాఫ్ట్‌వేరు. 1978 ఫిబ్రవరిలో చికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ ప్రారంభించిన సీబీబీఎస్‌తో ఇళ్లనుండి ఫోను చేసి సందేశాలు రాసే సంప్రదాయం మొదలైంది. 1981లో వచ్చిన హేస్ స్మార్ట్‌మోడెమ్ టైపు చేసిన ఆజ్ఞలతోనే నంబరు తిప్పడాన్ని సుగమం చేసింది. అదే సంవత్సరం కొలంబియా విశ్వవిద్యాలయంలో రూపొందిన కెర్మిట్ ఆపిల్, కమడోర్, ఐబీఎం పీసీ వంటి పరస్పరం పొసగని యంత్రాలన్నింటికీ క్రమంగా అందుబాటులోకి వచ్చింది.

సాఫ్ట్‌వేరును ఎక్కించినంత మాత్రాన పని జరిగేది కాదు. అవతలి యంత్రంతో ముందుగా కొన్ని విషయాల్లో పొత్తు కుదరాలి. మొదటిది వేగం. ఇది కలవకపోతే తెరపై అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. రెండవది ఒక్కో అక్షరానికి ఎన్ని బిట్లు అన్నది. మూడవది పారిటీ, అంటే దారిలో అక్షరం చెడిందో లేదో తెలుసుకొనడానికి చేర్చే అదనపు బిట్టు. నాలుగవది ఆగుబిట్టు. ఐదవది ప్రతిధ్వని. ఇది ఇరువైపులా ఉంటే ప్రతి అక్షరం రెండుసార్లు కనిపిస్తుంది; ఏ వైపునా లేకపోతే టైపు చేసినది కనిపించదు.

ప్రాచుర్యంలో ఉన్న అమరికలు రెండు. ఒకదానిలో అక్షరానికి ఏడు బిట్లు, ఒక సరిపారిటీ బిట్టు, ఒక ఆగుబిట్టు. రెండవదానిలో ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక ఆగుబిట్టు. ఆరంభబిట్టును కలుపుకొంటే రెంటిలోనూ ఒక్కో అక్షరానికి పది బిట్లు పడతాయి. కాబట్టి 300 బిట్ల వేగంలో సెకనుకు 30 అక్షరాలు ప్రయాణిస్తాయి. వీటీ100 తెర నిండడానికి 1,920 అక్షరాలు కావాలి. అందుకు 300 వేగంలో 64 సెకన్లు, 2,400 వేగంలో 8 సెకన్లు పడుతుంది. అక్షరాన్ని పొదుపుగా వాడవలసిన అవసరం అక్కడినుండే వచ్చింది.

3. ఎనిమిదో బిట్టు సమస్య

ఈ అమరికల్లో తెలుగుకు సంబంధించిన కీలకాంశం ఎనిమిదో బిట్టు. 1963లో ప్రమాణీకరించిన ఆస్కీ ఏడు బిట్ల సంకేతం. అందులో మొత్తం స్థానాలు 128. రోమన్ అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, నియంత్రణ సంకేతాలతో అవి నిండిపోయాయి. ఏడు బిట్ల అమరికలో ఎనిమిదో స్థానాన్ని పారిటీ ఆక్రమిస్తుంది. ఫోను తీగ ఎనిమిది బిట్లను మోసినా, ఉత్తరాల వ్యవస్థ మోసేది కాదు. 1982లో ఏర్పడిన ఎస్ఎంటీపీ నియమావళి ఏడు బిట్ల అక్షరాలకే పరిమితమైంది. ఇతర లిపులకు ఉత్తరాల్లో చోటు కల్పించిన మైమ్ ప్రమాణం 1992లోగాని రాలేదు.

భారతదేశంలో భాషల సంకేతీకరణ మరొక దారిలో సాగింది. ఐఐటీ కాన్పూరులో మొదలై సీ-డాక్‌లో విస్తరించిన జిస్ట్ సాంకేతికత భారతీయ లిపులను ప్రత్యేకమైన కార్డుల ద్వారా, టెర్మినళ్ల ద్వారా తెరపైకి తెచ్చింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇస్కీ, ఆస్కీని మొదటి 128 స్థానాల్లో అలాగే ఉంచి, భారతీయ అక్షరాలకు పై 128 స్థానాలను కేటాయించింది. శాస్త్రీయంగా ఇది సమగ్రమైన పరిష్కారం. అయితే ఎనిమిది బిట్ల ఇస్కీ పాఠం ఎనిమిదో బిట్టును తొలగించే దారిలో పడితే, తెలుగు అక్షరాలు సంబంధంలేని రోమన్ గుర్తులుగా మారిపోతాయి. పైగా పంపేవారి వద్దా, అందుకొనేవారి వద్దా ఆ లిపిని చూపగల సాధనం ఉండాలి. అమెరికా విశ్వవిద్యాలయంలోని యూనిక్స్ యంత్రం ముందు కూర్చున్న విద్యార్థికి ఈ రెండూ లేవు.

4. ఆర్.టి.ఎస్. ఆవిర్భావం

ఆ కాలంలో యూజ్‌నెట్‌లో తెలుగువారి చర్చావేదిక సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు. 'స్కిట్' అనే పొట్టిపేరుతో అది ప్రసిద్ధి పొందింది. అక్కడ తెలుగు పద్యాన్నో సామెతనో ఉటంకించవలసి వచ్చినప్పుడు ప్రతివారూ తమకు తోచిన ఇంగ్లీషు వర్ణక్రమాన్ని వాడితే అయోమయం తప్పదు. కలము, కాలము, కళము అనే మూడు మాటలూ ఒకే రూపంలోకి కుదించుకుపోతాయి. పండితులు వాడే రోమన్ పద్ధతి ఈ భేదాలను అక్షరాలపై గీతలతో, కింద చుక్కలతో చూపుతుంది. కాని ఆస్కీలో ఆ గీతలకూ చుక్కలకూ స్థానం లేదు.

హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఈ సమస్యకు పరిష్కారంగా రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్‌ను రూపొందించారు. ఆర్.టి.ఎస్. అన్నది దాని సంక్షిప్తనామం. దీని ప్రధాననియమం పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదాన్ని తెలుగు వర్ణభేదానికి వినియోగించడం. చిన్నబడి 'టి' త కారమైతే పెద్దబడి 'టి' ట కారం. ద–డ, న–ణ, ల–ళ జంటలూ ఇంతే. ఆ, ఈ, ఊ వంటి దీర్ఘాలకు పెద్దబడి అక్షరం వాడవచ్చు, అక్షరాన్ని రెట్టించనూ వచ్చు. ఱ వంటి అరుదైన వర్ణాలకు ముందు ఒక అలగీత చేరుతుంది. ఇవన్నీ మామూలు మీటలపై ఉన్న గుర్తులే.

పల్నాడు జిల్లాలోని మండలకేంద్రం క్రోసూరు పేరును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇందులో సంయుక్తాక్షరం, రెండు దీర్ఘాలు, ఒక హ్రస్వం ఉన్నాయి. ఆర్.టి.ఎస్.లో దీనికి కావలసినవి ఏడు మీటలు: చిన్నబడి కె, ఆర్, పెద్దబడి ఓ, చిన్నబడి ఎస్, పెద్దబడి యు, చిన్నబడి ఆర్, చిన్నబడి యు. ఏడు ఆస్కీ అక్షరాలు 300 వేగంలో పావు సెకను లోపే చేరతాయి. ఇదే పేరు యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 రూపంలో అది 24 బైట్లు. ఆనాటి తీగపై దానికి 0.8 సెకను పట్టేది.

5. యంత్రభేదం, వర్ణభేదం

పెద్దబడి, చిన్నబడి భేదంపై ఆధారపడిన రాత అన్ని ఇంటి కంప్యూటర్లలోనూ ఒకేలా సాగదు. తొలి ఆపిల్ 2లో చిన్నబడి అక్షరాలే లేవు. తెరపై వరుసకు 40 అక్షరాలే పట్టేవి. అటువంటి యంత్రంలో దీర్ఘాలకు రెట్టింపు పద్ధతి కొంత ఆదుకొన్నా, త–ట, న–ణ భేదాలకు వేరే దారి లేదు. 1983లో వచ్చిన ఆపిల్ 2ఈలో చిన్నబడి అక్షరాలు చేరాయి.

కమడోర్ 64 సమస్య ఇంకా విచిత్రమైనది. అది ఆస్కీకి బదులు పెట్‌స్కీ అనే సొంత సంకేతాన్ని వాడింది. దాని చిన్నబడి రీతిలో, ఆస్కీ పెద్దబడి స్థానాల్లో చిన్నబడి అక్షరాలు ఉంటాయి. అందువల్ల టెర్మినల్ సాఫ్ట్‌వేరులో మార్పిడి పట్టిక తప్పనిసరి. ఆ పట్టికను ఎంచుకొనకపోతే వచ్చిన పాఠంలో పెద్దబడి చిన్నబడిగా, చిన్నబడి పెద్దబడిగా తారుమారవుతుంది. ఇంగ్లీషు ఉత్తరమైతే చూపుకు ఇబ్బందే తప్ప అర్థానికి హాని లేదు. ఆర్.టి.ఎస్. పాఠమైతే క్రోసూరులోని రెండు దీర్ఘాలు హ్రస్వాలవుతాయి, చివరి హ్రస్వం దీర్ఘమవుతుంది, స కారం శ కారమవుతుంది. సాఫ్ట్‌వేరులోని ఒక్క అమరిక తెలుగు మాటను తెలుగుమాట కాకుండా చేయగలదన్నమాట. యంత్రభేదం ఇక్కడ నేరుగా వర్ణభేదమైంది.

6. తిరిగి లిపిలోకి

రోమన్ అక్షరాల్లో చదవడంతోనే ఆ విద్యార్థులు తృప్తిపడలేదు. రిట్ అనే సంక్షిప్తనామంతో వచ్చిన రైస్ ఇన్వర్స్ ట్రాన్స్‌లిటరేటర్ ఆర్.టి.ఎస్. పాఠాన్ని తిరిగి తెలుగు లిపిలోకి మార్చింది. పేరులోనే ఉన్నట్లు ఇది విలోమక్రియ. అక్షరరూపకల్పనలో డొనాల్డ్ నూత్ సృష్టించిన టెక్ వ్యవస్థ తోడ్పడింది. దానిలో తెలుగును కూర్చడానికి ముక్కవిల్లి లక్ష్మి తెలుగుటెక్‌ను రూపొందించారు. ఆ విధంగా రాత టెర్మినల్‌పై రోమన్‌లోనూ, అచ్చు కాగితంపై తెలుగులోనూ జరిగింది.

విలోమక్రియ సాధ్యం కావాలంటే లిప్యంతరీకరణలో ఒక్క వర్ణభేదమూ పోకూడదు. ఈ కఠినత్వమే ఆర్.టి.ఎస్.ను నేటి సెల్‌ఫోను సందేశాల్లో కనిపించే రోమన్ తెలుగునుండి వేరుచేస్తుంది. మొదటిది వర్ణక్రమాన్ని పూర్తిగా కాపాడిన రాత, రెండవది పాఠకుని ఊహకు వదలిన రాత.

దీని ఫలితం తరువాతి దశాబ్దంలో వెల్లడైంది. వెబ్‌సైట్లు వచ్చాక పత్రికలు తెలుగు లిపిని తెరపై చూపడానికి ఎవరి ఖతిని వారు, ఎవరి సంకేతాన్ని వారు వాడుకొన్నాయి. చూడడానికి అది తెలుగే అయినా, లోపల అక్షరపు ముక్కలకు ఒక్కో ఖతిలో ఒక్కో సంఖ్య ఉండేది. ఆ పాఠాలను యూనికోడ్‌లోకి తేవాలంటే ఒక్కో ఖతికి ఒక్కో పట్టిక తయారుచేయవలసి వచ్చింది. పద్మ అనే మార్పిడి ఉపకరణం చేసిన పని అదే. ఆర్.టి.ఎస్. పాఠాలకు మాత్రం ఒకే ఒక్క పట్టిక చాలింది. లిపిని వదలినట్లు కనిపించిన రాతే మళ్లీ లిపిలోకి సులభంగా చేరుకొంది.

7. పరిమితులు

ఈ పద్ధతిని పరిపూర్ణమనడానికి వీలులేదు. ఇంగ్లీషు రానివారికి ఇది మూసిన తలుపే. వాక్యారంభంలోనూ, పేర్లలోనూ అలవాటుగా పెద్దబడి అక్షరం వాడితే వర్ణం మారిపోతుంది. ఇంగ్లీషు మాటలు నడుమ వస్తే వాటిని వేరుచేయక తప్పదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఇది విశ్వవిద్యాలయ యంత్రాలు అందుబాటులో ఉన్న కొద్దిమంది రాత. భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించే నాటికే స్కిట్‌లో తెలుగు చర్చలు స్థిరపడ్డాయి. కనుక తెలుగు ఎలక్ట్రానిక్ రాతకు తొలి నియమాలు తెలుగునేలకు దూరంగా, కొద్దిమంది చేతుల మీదుగా ఏర్పడ్డాయి.

8. ముగింపు

పై పరిశీలనవల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. ఆర్.టి.ఎస్. నియమాలు కేవలం అభిరుచివల్ల ఏర్పడినవి కావు. ఏడు బిట్ల దారి, మామూలు మీటలు, నెమ్మదైన తీగ అనే మూడు పరిమితులు వాటిని నిర్ణయించాయి.

2. పెద్దబడి, చిన్నబడి భేదాన్ని వర్ణభేదానికి వాడడం వల్ల రాత సంక్షిప్తమైంది. అదే కారణంగా టెర్మినల్ సాఫ్ట్‌వేరు అమరికపై అది ఎక్కువగా ఆధారపడింది.

3. ఇస్కీ లిపిని యంత్రంలో నిలిపింది, ఆర్.టి.ఎస్. భాషను తీగపై నడిపింది. ఇవి పరస్పరం పోటీపడిన మార్గాలు కావు. వేర్వేరు అవసరాలకు వచ్చిన జవాబులు.

4. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకగాని సామాన్యుల కంప్యూటర్లలో తెలుగు కుదురుకోలేదు. ఈ నడిమికాలపు తెలుగు రాతలో గణనీయమైన భాగం ఆర్.టి.ఎస్.లో ఉంది.

5. లేఖిని వంటి టైపింగు సాధనాల్లో నేటికీ కొనసాగుతున్న మీటల అలవాటు ఆర్.టి.ఎస్. నుండి సంక్రమించినదే. నేడు ణ కోసం పెద్దబడి 'ఎన్' నొక్కే వేలు, తనకు తెలియకుండానే, ఏడు బిట్ల తీగ నిర్ణయించిన నియమాన్ని పాటిస్తున్నది.

కాబట్టి ఆ కాలపు రోమన్ పాఠాలను లిపిలేని రాతగా పక్కన పెట్టడం సమంజసం కాదు. వాటిని తొలి ఎలక్ట్రానిక్ తెలుగు వాఙ్మయంగా గుర్తించాలి. యూనికోడ్‌లోకి మార్చుకొన్నప్పటికీ, మూలరూపాన్ని కూడా భద్రపరచాలి. ఏ వర్ణాన్ని ఎవరు ఏ మీటతో రాశారన్న సాక్ష్యం ఆ మూలరూపంలోనే ఉంది. మార్చిన పాఠంలో అది మిగలదు.