నకిలీ అణువుల చరిత్ర: అమినోప్టెరిన్ నుంచి యాంటీసెన్స్ దాకా

కణాన్ని నకిలీ అణువుతో ఏమార్చి క్యాన్సర్‌ను నిలువరించవచ్చునన్న ఆలోచన వైద్యంలో రుజువైన తొలి ఘట్టాలలో ఒకటి, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పేరుతో ముడిపడి ఉంది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నేతృత్వంలో తయారైన అమినోప్టెరిన్, ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన రూపంతో కణంలో చేరి, డీఎన్ఏ నిర్మాణానికి కావలసిన ముడిసరుకును అందనీయదు. దానిని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి కొంతకాలం పాటు గుణం కనిపించిందని 1948లో వెల్లడైంది. అయితే ఆ మందుకు విచక్షణ లేదు. ఎముక మజ్జలోనైనా నోటి పొరలోనైనా, వేగంగా విభజన చెందే ప్రతి కణమూ దాని దెబ్బ తినవలసిందే.

ఒక్క జన్యువునే ఎంచి దాని నోరు నొక్కే మార్గాన్ని 1978లో పాల్ జమెక్నిక్, మేరీ స్టీఫెన్సన్ చూపారు. జన్యువులోని సమాచారం ఆర్ఎన్ఏ పోగుగా నకలై, ఆ పోగు ఆధారంగా ప్రోటీన్ తయారవుతుంది గనుక, పోగులోని అక్షరాలకు సరిజోడీగా కుదిరే చిన్న తునకను దానికి అంటిస్తే తయారీ ఆగిపోతుంది. కోళ్లలో కంతులు పుట్టించే రౌస్ సార్కోమా వైరస్‌పై వారు ప్రయోగించిన తునకలో ఉన్నవి 13 అక్షరాలే. ఇదే యాంటీసెన్స్ పద్ధతి.

అక్షరాల వరసకు దక్కినంత పేరు వాటిని మోసే వెన్నెముకకు దక్కలేదు గాని, నిజానికి ఈ చరిత్రంతా వెన్నెముక చరిత్రే. సహజమైన డీఎన్ఏ తునకను ఎంజైములు ఇట్టే తెగ్గొడతాయి; అందుకే వెన్నెముకలో చక్కెరతో పాటు ఉండే ఫాస్ఫేటులోని ఒక ఆక్సిజన్ బదులు గంధకాన్ని చేర్చారు. 1991లో కోపెన్‌హాగెన్ బృందం చక్కెరనూ ఫాస్ఫేటునూ పూర్తిగా తీసివేసి, ప్రోటీన్ తరహా బంధాలతో పీఎన్ఏ అనే కృత్రిమ పోగును నిర్మించింది. విద్యుదావేశం లేని ఆ పోగు ఆర్ఎన్ఏను గట్టిగా పట్టుకుంటుంది, ఎంజైములకు లొంగదు, కానీ కణపొరను సులభంగా దాటలేదు. ఈ లోపాన్ని సవరించడానికి వెన్నెముకలో వలయాలనూ ధనావేశాన్నీ చేర్చిన రసాయనవేత్తలలో, పుణేలో పరిశోధించి అనంతరం తిరుపతి ఐసర్‌కు సంచాలకుడైన కృష్ణ ఎన్. గణేశ్ ఒకరు.

ఆస్పత్రిలో ఫలితం ఇంత చురుగ్గా రాలేదు. కణాన్ని చావనీయని బీసీఎల్-2 జన్యువుపై గురిపెట్టిన 18 అక్షరాల ఆబ్లిమెర్సెన్‌కు చర్మ క్యాన్సర్ అయిన మెలనోమా విషయంలో అమెరికాలో అనుమతి దక్కలేదు. 2024లో ఒక రక్త రుగ్మతకు ఆమోదం పొందిన ఇమెటెల్‌స్టాట్‌లోనూ 13 అక్షరాలే ఉన్నా, అది అడ్డుకునేది జన్యు సందేశాన్ని కాదు, టెలోమెరేస్ ఎంజైము తనలోనే అచ్చుగా ఉంచుకునే ఆర్ఎన్ఏను. రక్తంలోకి ఎక్కించిన ఇటువంటి తునకలు ఎక్కువగా కాలేయంలోనూ మూత్రపిండాలలోనూ పోగుపడటం వల్ల, గట్టి కంతుల లోపలికి వాటిని తగినంతగా చేర్చడం నేటికీ కష్టంగానే ఉంది.