తిమింగలాన్ని కాపాడింది జొజోబా కాదు

షాంపూ సీసాల మీదా, ముఖానికి రాసుకునే క్రీముల మీదా జొజోబా పేరు చాలామంది చూసే ఉంటారు. యంత్రాల కందెన కోసం స్పెర్మ్ తిమింగలాలను వేటాడుతున్న రోజుల్లో ఈ ఎడారి పొద ప్రత్యామ్నాయంగా నిలిచి వాటిని బతికించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథ నిలవదు. తిమింగలాన్ని కాపాడింది చట్టం. ఆ తర్వాత మిగిలిన ఖాళీని నింపుతుందని జొజోబా మీద ఆశ పెట్టుకున్నారు, అది నింపలేకపోయింది.

ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. అమెరికా నైరుతి, మెక్సికో వాయవ్య ప్రాంతాల్లో పరచుకున్న సొనోరన్ ఎడారి జొజోబా పుట్టిల్లు. అక్కడి ఓధామ్ ప్రజలు దాని గింజలను నూరి పుండ్లకు, జుట్టుకు వాడేవారు. గింజ బరువులో దాదాపు సగం నూనే. కచ్చితంగా చెప్పాలంటే అది ద్రవరూపంలో ఉండే మైనం. వేరుశెనగ, నువ్వుల నూనెల్లో గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. జొజోబాలో గ్లిసరాల్ ఉండదు, ఒక పొడవాటి ఆమ్లం ఒక పొడవాటి ఆల్కహాల్‌తో జతకట్టి ఉంటుంది. అందుకే వేడికి తట్టుకుంటుంది, చాలాకాలం నిల్వ ఉన్నా చెడిపోదు. స్పెర్మ్ తిమింగలం నూనెలో ప్రధాన భాగమూ ఇలాంటి మైనమేనని, రెండింటికీ దగ్గరి పోలిక ఉందని 1933లో అరిజోనా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ పోలిక చిన్న విషయం కాదు. గంధకంతో చర్య జరిపిన తిమింగలం నూనె, గేర్ల పళ్లు తీవ్రమైన ఒత్తిడితో రాసుకునే చోట కూడా లోహాన్ని అంటిపెట్టుకుని ఉండేది. కార్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్లలో దాన్ని వాడేవారు, అమెరికా ప్రభుత్వం రక్షణ అవసరాల కోసం నిల్వ చేసుకునేది కూడా. జొజోబాకూ గంధకం పట్టించవచ్చు. హైడ్రోజన్‌తో గట్టిపరిస్తే కొవ్వొత్తులకు, పాలిష్‌లకు పనికొచ్చే తెల్లటి మైనం వస్తుంది.

ప్రత్యామ్నాయం ఉందన్న ధీమాతోనే చట్టం చేశారేమో అని ఎవరైనా అడగవచ్చు. అమెరికా స్పెర్మ్ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది 1970లో. అప్పటికి ఫ్యాక్టరీలకు సరిపడా గింజలిచ్చే తోటలే లేవు. 1972లో కూడా ఆదివాసులు అడవి పొదల నుంచి చేత్తో ఏరిన గింజలే ఆధారం. కందెనల తయారీదారులు తోటలు కాపుకొచ్చేదాకా ఆగలేదు, పంది కొవ్వు నూనె వైపు, కృత్రిమ ఎస్టర్ల వైపు మళ్లారు. 1970ల చివర్లో, 1980ల మొదట్లో పన్ను రాయితీల ఊపుతో అమెరికాలో వేల ఎకరాల్లో జొజోబా నాటారు. ఇందులో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. గింజతో నాటితే ఏది ఏదో తెలియడానికి పూత దాకా, అంటే కొన్నేళ్లు ఆగాలి. తెలిశాక దాదాపు సగం మొక్కలు కాయనివే. పెట్టుబడి పెట్టినవారి ఓపిక అంతకాలం నిలవలేదు.

అది సాగులో లోపమే తప్ప నూనెలో లోపం కాదనేవారి మాటలో నిజముంది. ఇజ్రాయెల్‌లో, అర్జెంటీనాలో ఎంపిక చేసిన ఆడ మొక్కల కొమ్మలతో తోటలు పెంచి దిగుబడి పెంచారు. అయినా నూనె గేర్లలోకి పోలేదు. గేర్ల నూనె చేసేవాడు పెట్టగలిగిన ధరకంటే సౌందర్య సాధనాల తయారీదారు ఎక్కువ పెడతాడు కాబట్టి రైతు ఇటే అమ్ముతాడు. సున్నిపిండిలా చర్మాన్ని రుద్దే ప్లాస్టిక్ పూసలను అమెరికా 2015 చట్టంతో నిషేధించాక, గట్టిపరిచిన జొజోబా మైనపు పూసలకు ఆ రంగంలోనే మరో దారి దొరికింది.

మన దేశంలో రాజస్థాన్‌లో జొజోబా సాగుచేస్తున్నారు. ఇక్కడే ఇంతకుముందు బయోడీజిల్ పేరుతో జట్రోఫా మొక్కను ప్రోత్సహించినప్పుడూ నూనె గుణాల గురించి చెప్పింది ఎక్కువ, చెట్టుకు ఎన్ని గింజలు కాస్తాయో చూసింది తక్కువ. అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల రైతుకు ఎవరైనా బీడు భూమిలో బంగారం పండించే మొక్క అంటూ ఏదైనా అంటగట్టబోతే, కాపు ఎన్నో ఏట వస్తుందో, గింజను ఎవరు ఏ ధరకు కొంటారో ముందు రాతపూర్వకంగా అడగండి.