మన పండుగలు, మన చెరువులు: యాభై ఏళ్ల ముచ్చట

మన బడికీ, పటాన్‌చెరు పారిశ్రామికవాడకూ ఇంచుమించు ఒకటే వయసు. 1970ల నడుమ ఒకవైపు మన బడి గంట మోగడం మొదలైంది, ఇంకోవైపు ఫ్యాక్టరీల సైరన్లు మొదలయ్యాయి. తొలి బ్యాచ్‌ల వాళ్లు ఈ రెండు చప్పుళ్లూ వింటూ పెరిగారు. ఈ స్వర్ణోత్సవ సంచికలో బడి చరిత్రను, గురువుల జ్ఞాపకాలను మిగతా మిత్రులు రాస్తున్నారు. నేను బడి గోడ బయటి సంగతి రాస్తాను. ఏడాది పొడుగునా మనం చేసుకున్న పండుగలు, వాటికి నీళ్లూ పూలూ ఇచ్చిన చెరువులు, ఈ యాభై ఏళ్లలో ఆ రెండింటికీ ఏమైంది అన్నదే ఈ వ్యాసం.

ఊరి పేరులోనే చెరువు

పటాన్‌చెరు పేరు చెరువుతోనే ముగుస్తుంది. 11వ శతాబ్దపు కల్యాణి చాళుక్యుల శాసనాల్లో కనిపించే 'పొట్టలకెరె' నేటి పటాన్‌చెరేనని చరిత్రకారులు గుర్తించారు. రెండవ జయసింహుడి కాలంలో అది రాజధానిగా వెలిగింది. కన్నడంలో 'కెరె' అంటే చెరువు. అంటే భాష మారినా, రాజ్యాలు మారినా వెయ్యేళ్లుగా ఈ ఊరిని చెరువు పేరుతోనే పిలుస్తున్నారు. పటాన్‌చెరుకు సాకి చెరువు, సంగారెడ్డికి మహబూబ్‌సాగర్, చుట్టుపక్కల ప్రతి పల్లెకూ ఒక చెరువో కుంటో ఉన్నాయి.

చెరువంటే మన పెద్దలకు ఉత్త నీటి గుంట కాదు. కట్ట మీద కట్ట మైసమ్మ ఉంటుంది. తూము తెరిచి ఏ పొలానికి ఎన్ని నీళ్లు పోవాలో చూసే నీరడి ఉంటాడు. వానలు బాగా పడి మత్తడి దుంకితే ఊరంతా చూడటానికి పోయేది, మైసమ్మకు మొక్కు చెల్లించేది. చాకలి రేవు, పశువుల రేవు, చేపల పట్టుబడి, ఆయకట్టు పొలాలు అన్నీ ఆ ఒక్క నీటి చుట్టే తిరిగేవి. అందరి బతుకూ ఆధారపడ్డ చోటుకే అందరి పండుగా వచ్చి చేరింది.

కార్తెలతో నడిచిన ఏడాది

మృగశిర కార్తె నాడు ఇంట్లో చేపల కూర ఉండాలి. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి, బెల్లం కలిపి పేలాల పిండి చేయాలి. ఆషాఢం నుంచి శ్రావణం దాకా ఒక్కో ఊరు ఒక్కో వారం చూసుకుని పోచమ్మకు, మైసమ్మకు బోనం ఎత్తుతుంది. కొత్త కుండలో వండిన అన్నం, దాని మీద వేపరెమ్మ, పైన దీపం, ముందు పోతరాజు, డప్పుల చప్పుడు. వానాకాలం రోగాల కాలం కాబట్టి ఊరిని చల్లగా చూడమని తల్లికి మొక్కే పండుగ ఇది.

మొహర్రం నెలలో పీరీలు లేచేవి. ఆషూర్‌ఖానా ముందు తవ్విన అలావా గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి ఆడేవారు. చాలా ఊళ్లలో పీరీలకు మొక్కే ఇళ్లలో సగం హిందువుల ఇళ్లే. పదో రోజున పీరీలను వాగు దగ్గరికో చెరువు దగ్గరికో తీసుకుపోయేవారు. నారాయణఖేడ్ వైపు తండాల్లో శ్రావణమాసంలో లంబాడా ఆడపిల్లలు తీజ్ చేసేవారు. బుట్టల్లో గోధుమ నారు పోసి, తొమ్మిది రోజులు నీళ్లు చల్లి, ఆటపాటలతో పెంచి, చివరి రోజున నీటిలో కలిపేవారు.

భాద్రపద అమావాస్యతో బతుకమ్మ వచ్చేది. ఎంగిలిపూలతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ అయ్యాక ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు. తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు, చివరికి సద్దుల బతుకమ్మ. దసరా సెలవుల్లో పొద్దున్నే సంచులు పట్టుకుని తంగేడు కోసం గుట్టలెక్కింది, గునుగు కోసం జొన్న చేల గట్ల మీద తిరిగింది మనమే. ఆ పూలకు ఎవరూ పైసలు అడగలేదు. తంగేడు ఎవరూ దున్నని బీడు భూముల్లో పూస్తుంది. గునుగు పంట చేలో కలుపుగా మొలుస్తుంది. అంటే బతుకమ్మకు కావలసిన పువ్వు కూడా చెరువు లాగానే ఊరందరిది. సాయంత్రం చెరువుగట్టున ఆడి, బతుకమ్మను నీట విడిచి, మలీద ముద్దలు పంచుకుని ఇళ్లకు వచ్చేవారు. దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకునేవాళ్లం. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాయి. తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం, పాలపిట్ట రాష్ట్ర పక్షి అయ్యాయి. మనం చిన్నప్పుడు ఆ పది రోజుల్లో చేతులతో పట్టుకున్నవీ, తలెత్తి చూసినవీ ఇప్పుడు రాష్ట్రానికి గుర్తులు.

సంక్రాంతి సకినాలు, కాముని పున్నమకు ఇల్లిల్లూ తిరిగి ఆడిన కోలాటాలు, శివరాత్రికి బీరంగూడ గుట్ట, ఝరాసంగం కేతకి సంగమేశ్వరుడు, మంజీర ఏడు పాయలుగా చీలే చోట ఏడుపాయల వనదుర్గమ్మ జాతర, ఇవి కూడా మన ఏడాదిలో భాగమే. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. బతుకమ్మ, తీజ్, పీరీలు, వినాయకుడు, ఏ కులం వారిదైనా ఏ మతం వారిదైనా చాలా పండుగలు నీటి ఒడ్డునే ముగుస్తాయి.

సైరన్ వచ్చాక

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. అది పరిశోధించే జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మన పండుగ వంటల్లో ఉన్నవే. 1970ల నడుమ నుంచి పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం వరుసగా పారిశ్రామికవాడలయ్యాయి. 1980లో మెదక్ నుంచి ఇందిరాగాంధీ లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి పునాది పడింది. బొంబాయి రోడ్డుకు రెండు పక్కలా చిమ్నీలు లేచాయి.

ఈ ఫ్యాక్టరీలు మనకేమీ ఇవ్వలేదనడం న్యాయం కాదు. వాన మీద ఆధారపడ్డ ఇళ్లలో నెల జీతం వచ్చింది. ఆ జీతంతోనే మనలో చాలామంది ఫీజులు కట్టి చదువుకున్నారు. దసరాకు బోనస్ వచ్చేది, ఆ డబ్బుతో ఇంటికి కొత్త బట్టలొచ్చేవి. ఆయుధ పూజ నాడు మిషన్లకు కుంకుమ బొట్లు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టేవారు. పండుగలకు కొత్త చోటు దొరికింది. అయితే ఏడాది కార్తెలను వదిలి షిఫ్టులతో నడవడం మొదలైంది. సెకండ్ షిఫ్టు నాన్న సద్దుల బతుకమ్మ రోజు ఇంటికి వచ్చేసరికి కట్ట మీద ఎవరూ ఉండేవారు కాదు.

దెబ్బ తగిలింది నీటికి. మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు వదిలిన వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల్లోకి చేరాయి. నక్కవాగు పోయి కలిసేది మంజీరలో. ఒడ్డు పల్లెల్లో పంటలు మాడాయి, పశువులు చచ్చాయి, బావి నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి. పల్లెల రైతులు రోడ్డెక్కారు, పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు లాంటి వారు వారి పక్షాన నిలబడ్డారు. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ ఉందని తేలింది. ఆ అంకె ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఎక్కడ చర్చ జరిగినా పటాన్‌చెరు పేరు వినబడసాగింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అతి తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు - బొల్లారాన్ని చేర్చింది. శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులైనుతో హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థకు కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. కొన్ని చర్యల వల్ల కొంత మేలు జరిగింది, కానీ వాగులు పాత వాగులు కాలేదు.

బతుకమ్మ పూలు చెరువు నీటిని శుభ్రం చేస్తాయని మన అమ్మలు చెప్పేవారు. రసాయనాలను కడిగే పువ్వు మాత్రం ఏదీ లేదు. నీళ్లు నురగలు కక్కుతున్నాయని, ఒళ్లు దురద పెడుతోందని ఆడవాళ్లు కట్ట దిగడం మానుకున్న ఊళ్లు ఉన్నాయి. అక్కడ బతుకమ్మను కాలనీ నడుమ డ్రమ్ములోనో, ప్లాస్టిక్ టబ్బులోనో విడుస్తారు. పండుగ ఆగలేదు. కానీ ఊరంతా ఒక్క చోట చేరేది పోయి, ఒక్కో గల్లీకి ఒక్కో టబ్బు అయింది.

తప్పంతా ఫ్యాక్టరీల మీదికి నెట్టి మనం చేతులు కడుక్కోలేం. చెరువు శిఖం భూముల్లో ప్లాట్లు కొన్నవారిలో మనవాళ్లూ ఉన్నారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుడిని ప్రతి ఏడాది ఇంకో అడుగు పెంచి అదే చెరువులో వేసిన యువజన సంఘాల్లో మన బ్యాచ్‌లూ ఉన్నాయి. ఇళ్ల మురుగు కాలువలు వదిలింది కూడా అందులోకే.

కొత్తగా వచ్చిన మనవాళ్లు

ఈ యాభై ఏళ్లలో మన ఊరి జనమూ మారారు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బెంగాల్, జార్ఖండ్‌ల నుంచి కార్మికులు వచ్చారు. ఇస్నాపూర్, పాశమైలారం గల్లీల్లో తెలుగు కంటే హిందీ ఎక్కువ వినబడుతుంది. సెప్టెంబరు 17న వారు విశ్వకర్మ పూజ చేస్తారు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజు కూడా అదే. దీపావళి తర్వాత ఆరో రోజున బీహారీ ఆడవాళ్లు ఛఠ్ పూజకు నీళ్లలో నిలబడి, మునిగే సూర్యుడికి, మరునాడు పొడిచే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు. చూస్తే మన బతుకమ్మ గుర్తుకొస్తుంది. అదే కార్తులు చల్లబడే కాలం, అవే గంపలు, అవే ఆడవాళ్ల పాటలు, అదే నీటి ఒడ్డు. వారికీ కావలసింది దిగి నిలబడగల చెరువే.

2025లో ఆషాఢ బోనాలు, మొహర్రం ఒక్కసారే వచ్చాయి. పల్లెల్లో ఒకవైపు బోనాలకు కుండలు కొంటుంటే, ఇంకోవైపు పీరీలు లేచాయి. ఆ రోజుల్లోనే, జూన్ 30 పొద్దున, పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది బయటి రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవారు. పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర తమవారి జాడ కోసం రోజుల తరబడి ఎదురుచూసిన కుటుంబాలను మనం టీవీలో చూశాం. ఊరిని చల్లగా చూడు తల్లీ అని బోనం ఎత్తే నెలలో, మన ఊళ్లో ఉంటూనే మనకు పేరు తెలియని మనుషులు పోయారు. మన పండుగల్లో వారిని ఎప్పుడైనా పిలిచామా అన్న ప్రశ్న నన్ను వదలలేదు. పీరీల గుండం చుట్టూ ఎవరినీ నీదే ఊరని అడగని ఊరు మనది.

మనం చేయగలిగింది

2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చాలా చెరువుల్లో పూడిక తీశారు. కట్టలు బాగుపడ్డ చోట బతుకమ్మ ఘాట్లు కూడా వచ్చాయి. అందువల్ల ఆశ వదులుకోవలసిన పని లేదు. స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను.

ఒకటి, బడి ఆవరణలో ఒక మూల తంగేడు, గునుగు, ఒక జమ్మి చెట్టు పెంచుదాం. పూలు బజారులో కొనవలసి వస్తున్న నేటి పిల్లలకు ఆ చెట్ల పేర్లు, అవి పూసే కాలం తెలియాలి. రెండు, మన ఊరి చెరువు శిఖం ఎంతవరకో, తూములెన్నో, మత్తడి నీళ్లు ఏ వాగులోకి పోయేవో పెద్దలను అడిగి పిల్లల చేత రాయిద్దాం. రెవెన్యూ పటాలను పక్కన పెట్టి సరిచూడమని సోషల్, సైన్స్ ఉపాధ్యాయులను కోరుదాం. ఏటా వానాకాలం ముందు, తర్వాత చెరువు నీటిని పరీక్ష చేయించి ఫలితాన్ని బడి నోటీసు బోర్డు మీద పెడదాం. మూడు, వచ్చే సద్దుల బతుకమ్మను గల్లీ టబ్బులో కాకుండా, నీళ్లు బాగున్న ఒక చెరువు కట్ట మీద అందరం కలిసి ఆడదాం. ఆ సాయంత్రానికి కార్మికవాడల కుటుంబాలను పిలుద్దాం. ఛఠ్ నాడు వారు పిలిస్తే మనం పోదాం.

వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు అక్కడి హాళ్లలో బతుకమ్మ ఆడి ఫొటోలు పంపుతుంటారు. చూసి సంతోషిస్తాం. ఈసారి దసరాకు వస్తే మాత్రం పొద్దున్నే బయలుదేరి రండి. పూలు ఏరడానికి గుట్టకు పోవాలి, ఎండ ఎక్కితే తంగేడు వాడుతుంది.