స్టోక్ రో గ్రామమున కాశీరాజు బావి

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు మండలములో, చిల్టర్న్ కొండల మీద స్టోక్ రో అను చిన్న పల్లె కలదు. పేరు మోసిన కోటగాని యుద్ధభూమిగాని అచట లేదు. కాని వీథి ప్రక్కనే ఇనుప స్తంభముల మీద నిలిచిన గుమ్మటమొకటి, దాని క్రింద బావి, బావి మీది యంత్రమున బంగారు రంగు ఏనుగు బొమ్మ కనబడును. ఇది కాశీ మహారాజు దానము.

ఆ కొండలది సుద్దనేల. కురిసిన వాన కురిసినట్లే ఇంకిపోవును. చెంత ఏరు లేదు, వాగు లేదు. పూర్వము జనులు బంకమట్టి గుంటలలో నిలిచిన నీటినే త్రాగుచుండిరి. అవి ఎండినచో దూరము పోయి మోసికొని రావలసినదే. ఇంటనున్న కడపటి గ్రుక్కెడు నీరు త్రాగినాడని ఒక తల్లి తన పిల్లవానిని కొట్టినదట.

ఈ సంగతి రాజునకు చెప్పినవాడు ఎడ్వర్డ్ రీడ్. ఇతనిది పొరుగూరైన ఇప్స్‌డెన్. నవలాకారుడు ఛార్లెస్ రీడ్ ఇతని సోదరుడు. ఉత్తర హిందూస్థానమున కంపెనీ కొలువులో చిరకాలముండి, 1831లో ఆజంగఢ్ ప్రాంతమున ప్రజలకై బావి త్రవ్వించెను. రీడ్ స్వదేశమునకు మరలిన పిదప మహారాజా ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్ ఆ బావిని, ఆ పిల్లవాని కథను జ్ఞప్తికి తెచ్చుకొని, ఆ ఊరికి బావి నొసగ సంకల్పించెను. 1857 తిరుగుబాటులో ఈ రాజు ఆంగ్లేయుల పక్షమున నిలిచినవాడు. కావున ఈ దానమున దొరల మెప్పు గోరుట కొంత లేకపోలేదు. ఐనను దప్పిగొన్న పల్లెకు నీరు దొరకిన మాట నిజము.

1863 మార్చిలో పని మొదలయ్యెను. బావి వెడల్పు నాలుగడుగులే. లోతు 368 అడుగులు! లండనులోని సెయింట్ పాల్ దేవాలయము ఎత్తు 365 అడుగులు. దానిని తలక్రిందులుగా దింపినను కొన బావి అడుగును తాకదు. అంతయు చేతులతో త్రవ్విన పనియే. లోతునకు దిగినకొలది వెలుతురు సన్నగిల్లును, గాలి చెడును. ఆ ఇరుకున మట్టి తోడిన కూలీలను ఏనుగు బొమ్మ చూడవచ్చినవారు తలచుట అరుదు. బావికి మూడువందల ఏబది పౌండ్లకు పైగా వ్యయమయ్యెను. 1864 మే 24న, విక్టోరియా రాణి జన్మదినమున, దానిని ప్రజలకు తెరచిరి. నీటికి రుసుము లేదు. కాని ఒక్క బొక్కెన పైకి వచ్చుటకు పది నిమిషములు చక్రము త్రిప్పవలసియుండెను.

రాజు బావితో ఆగలేదు. చెంతనే నాలుగెకరముల చెర్రీ తోట వేయించెను; పండ్లమ్మిన సొమ్ముతో బావి పోషణ జరుగవలెనని ఏర్పాటు. తోటకు ఈశ్వరీబాగ్ అని పేరు. అందు చేప ఆకారమున కొలను త్రవ్వించిరి. చేప కాశీరాజుల చిహ్నము. బావి కాపరికి ఎనిమిది మూలల చిన్న యిల్లు కట్టిరి. సప్తసంతానములలో జలాశయమును, వనమును చేర్చిన మన పెద్దలకు ఈ జత క్రొత్తగా తోచదు.

డెబ్బది యేండ్లకు పైగా ఊరు ఆ నీరు త్రాగినది. గొట్టపు నీరు వచ్చిన పిదప చక్రము నిలిచిపోయినది. 1964లో శతవార్షికోత్సవమునకు ఎడింబరో ప్రభువు ఫిలిప్ వచ్చినపుడు, కాశీ నుండి తెచ్చిన గంగాజలమును ఆ బావిలో పోసిరి.