వృద్ధ దర్శనము

ప్రతిమాసము మొదటి దినమున మన యూరి ముదుసలులు తెల్లవారకమున్నే లేచి అరుగులపై కూర్చుందురు. అది పింఛను వచ్చు దినము. ఈ ధర్మము ఇటీవలి ప్రభుత్వముల కల్పన యని పలువురు తలంతురు. ఊరి లెక్కలు వ్రాయుచు, తీరిక వేళల మన గ్రంథాలయపు బల్లకడ పాత పుస్తకములు తిరుగవేసిన నాకు దీని మూలము మిక్కిలి ప్రాచీనమని తెలియవచ్చినది.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై అశోకుని పదునాలుగు శిలాశాసనములు నేటికిని కలవు. పట్టాభిషేకమైన పదుమూడేండ్లకు ధర్మమహామాత్రులను నియమించితిననియు, వారు అనాథుల, వృద్ధుల హితము చూతురనియు ఐదవ శాసనమున ఆ రాజు చెప్పుకొనెను. ఎనిమిదవ దానియందలి మాట మఱింత రమ్యమైనది. పూర్వరాజులు వేటకై విహారయాత్రలు చేయుచుండగా తాను ధర్మయాత్రకు బయలుదేరెనట; ఆ యాత్రలో వృద్ధులను దర్శించి వారికి సువర్ణ మొసగెనట. మొదట దర్శనము, పిదప ధనము. ఈ వరుసను చదువరులు జ్ఞాపక ముంచుకొన గోరెదను.

కౌటిల్యుడు క్రొత్త గ్రామములను నిలుపు విధానము చెప్పుచు, దిక్కులేని బాలురను, వృద్ధులను రాజు పోషింపవలె ననెను. శక్తి యుండియు తల్లిదండ్రులను పోషింపనివానికి పండ్రెండు పణములు దండుగ విధించెను. (2007లో తల్లిదండ్రుల పోషణ చట్టము వచ్చినప్పుడు, ఇట్టి వింత మునుపెన్నడు లేదని వాదించిన మిత్రున కీ పుట చూపితిని. అతడు నమ్మలేదు.)

ఇక మన కాలమునకు వత్తము. వృద్ధాప్య పింఛనును ఉత్తరప్రదేశము 1957లోను, మన ఆంధ్రప్రదేశ్ 1960లోను నెలకొల్పినవి. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము 65 ఏండ్లు నిండిన నిరుపేదలకు నెలకు 75 రూపాయల చొప్పున ఈయ నారంభించెను. 2006లో అది 200 రూపాయలాయెను. 2011లో వయస్సు 60కి దిగెను, 80 ఏండ్లవారికి 500 రూపాయలాయెను. అటుపిమ్మట 2024 వరకు కేంద్రపు వంతు కదలలేదు. తక్కిన భారము రాష్ట్రములదే. తెలంగాణము 2014లో ఆసరా పేర 1,000 రూపాయలు, 2019లో 2,016 రూపాయలు చేసెను. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 1,000 రూపాయలైనది 2024 జూలైకి 4,000 రూపాయలైనది.

అంకెలు వ్రాయుట సులభము. ఆ యంకె మనిషి చేతికి చేరుటలోని కష్టము లెక్కలవానికే తెలియును. మొదట వయస్సు ఋజువు కావలెను. ఈ ముదుసలుల పుట్టిన తేదీ ఎవరు వ్రాసియుంచిరి? 2008లో ఒక యవ్వను వయస్సడుగగా, “గోదావరి పుష్కరాలనాటికి నేను పాకే పిల్లనట నాయనా!” అనెను. ఏ పుష్కరములు? ముందటివైనచో ఆమె అర్హురాలు, వెనుకటివైనచో కాదు, నడుమ పండ్రెండేండ్లు. 1977 నవంబరున దివిసీమ ఉప్పెన వచ్చుటకు మునుపే పెద్దకూతురి పెండ్లి చేసితినని ఆమె చెప్పిన మాట మా సంశయము తీర్చినది.

పిమ్మట వ్రేలిముద్ర యంత్రము వచ్చెను. ఏండ్లతరబడి నాట్లువేసి, కలుపుతీసి అరిగిన వ్రేళ్లను అది యెరుగదు. ఆ యవ్వనే మూడు మారులు త్రిప్పిపంపిరి. “నా చెయ్యే నన్ను కాదంటోంది నాయనా!” అని ఆమె నా అరుగుపై కూలబడెను. నాకు బదులు తోచలేదు.

మన యూరికి బాటయైనను కలదు. పాడేరు మన్యమున కొండలపై కొన్ని గూడెములకు నేటికిని దారిలేదు. రోగికైన, బాలింతకైన డోలీమోతయే గతి. అట్టిచోట సొమ్ముకై ముదుసలి దిగివచ్చిన ఒక దినము నడక, తోడువచ్చిన కొడుకునకు ఒక దినము కూలి నష్టము. 75 రూపాయల నాడు ఇక మిగులున దేమి?

కావున 2020 ఫిబ్రవరినుండి ఆంధ్రప్రదేశ్‌లో సొమ్ము ఇంటికే తెచ్చియిచ్చుట నా దృష్టిలో మొత్తము పెంచుటకంటె పెద్దమార్పు. అది తప్పిన నెలలో దాని విలువ తెలిసినది. 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల వేళ, వాలంటీర్లను ఆ పనినుండి తప్పింపగా వృద్ధులు మండుటెండలో సచివాలయములకు నడచిరి.

జూలై 1న సచివాలయ ఉద్యోగులు బకాయితో కలిపి 7,000 రూపాయలు గడపగడపకు తెచ్చిరి. మా అవ్వ వ్రేలిని యంత్రము రెండుమారులు కాదనెను, మూడవమారు ఔననెను. ఆమె సొమ్ము లెక్కింపలేదు. చెమటలు గ్రమ్మిన ఆ ఉద్యోగిని మొగము చూచి, “మంచినీళ్లు తాగుతావా తల్లీ?” అని లోనికి నడచెను.