తుడిచివేసిన లెక్క



640 రూపాయల అప్పునకు, నూటికి నెలకొక రూపాయి చొప్పున, పదునైదు నెలలకు వడ్డి యెంత? ఈ ప్రశ్న విన్నంతనే మీలో పలువురు కాగితము వెదకకయే బదులు చెప్పగలరు. నెలకు ఆరు రూపాయల నలువది పైసలు, పది నెలలకు 64, అందులో సగము, అనగా అయిదు నెలలది, 32, వెరసి 96. చిన్నతనమున నేనును ఇట్లే మనసులో గట్టి, పరీక్షాపత్రమున 96 అని మాత్రము వ్రాసి వచ్చితిని. ఉపాధ్యాయుడు దానికి సున్న చుట్టి, ప్రక్కవానిది చూచి వ్రాసితివని తరగతిలో నందరి యెదుట ననెను. ఏడ్చుచు ఇంటికి వచ్చి మా తాతగారితో మొరపెట్టుకొంటిని. ఆయన కరణీకపు లెక్కలలో ఆరితేరినవారు. అయినను నన్ను ఓదార్పలేదు. "ఆ తొంబదియారు నీ దనుటకు సాక్ష్య మేదిరా?" అని మాత్ర మడిగిరి.

తరువాత నేనును లెక్కల పంతులనై, పెక్కేండ్లు పరీక్షాపత్రములు దిద్దితిని. తాతగారి ప్రశ్న నన్ను విడువలేదు. దాని పూర్వచరిత్రను గొంత వెదకితిని. ఆ వెదకినదే నేడు మీకు విన్నవించుచున్నాను.

మన పూర్వులు అంకగణితమును పాటీగణిత మనిరి. పాటి యనగా పలక. పలకపై ధూళి పరచి, అందు అంకెలు వ్రాయుచు, చెరపుచు లెక్క చేయువారు. కనుకనే దానికి ధూళికర్మ మనియు పేరు వచ్చినది. శ్రీధరాచార్యుడు మున్నగువారు చెప్పిన గుణకార పద్ధతి యొకటి కలదు; దానిని కపాటసంధి యందురు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో 135ను 12చే గుణింపు మని యడిగినాడు. ఆ లెక్కనే కపాటసంధి రీతిని చేసి చూతము. 135 క్రింద వ్రాసి, దాని చివరి 5 మీదికి 12లోని ఒకటి వచ్చునట్లు పైన 12 నిలుపుదుము. అయిదు రెండ్లు పది. సున్నను కుడిప్రక్క నుంచి ఒకటి చేతబట్టుదుము. అయిదొకట్ల అయిదు, చేతిది కలుపగా ఆరు. ఆ 5ను చెరిపి 6 వ్రాయుదుము. పలకపై 1360 నిలిచినది. పండ్రెండును ఎడమకు జరిపి 3తో అట్లే చేసిన 1420 అగును. మరల జరిపి 1తో చేసిన 1620. ఫలము వచ్చినది; కాని గుణ్యమైన 135 ఎచ్చటను లేదు! నడుమ దప్పిన దున్నచో మొదటినుండి మరల చేయుటయే గతి.

గ్రంథములందును సూత్రము, ఉదాహరణము, ఫలము ఇవియే ప్రధానములు. మహావీరాచార్యుడు 850 ప్రాంతమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మన పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి దెచ్చినాడు. పద్యము నోటికి వచ్చిన సూత్రము చేతికి వచ్చినట్లే.

దీనినిబట్టి మనవారికి హేతువుపై ఆదరము లేదని కొందరు పలుకుదురు. అది పొరపాటు. హేతువునకు మనవారు ఉపపత్తి యని పేరిడిరి. గణేశ దైవజ్ఞుడు 1545లో లీలావతికి బుద్ధివిలాసిని యను వ్యాఖ్య వ్రాసి ఉపపత్తులు చూపెను. రమారమి 1530లో కేరళమున జ్యేష్ఠదేవుడు యుక్తిభాషను మలయాళ వచనమున రచించి ఏది యెందుచేత నగునో విప్పి చెప్పెను. శిష్యుని లెక్క మాటందురా, గురువు ఎదుటనే కూర్చుండి యుండెను. వాని వ్రేలు ధూళిలో నెట్లు కదలినదో కన్నులార చూచెను. వేరు సాక్ష్యముతో పని యేమి?

ఆ కన్ను తొలగినపుడే చిక్కు వచ్చినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తొలుత పరీక్ష యనగా లాటిను భాషలో నోటి వాదము. 18వ శతాబ్దమున అది క్రమముగా వెనుకబడి, వ్రాతపరీక్ష ముందునకు వచ్చినది. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము వెలసి, ఆ వ్రాతపద్ధతియే మన ప్రాంతమునను పాదుకొన్నది. దిద్దువాడు ఎచ్చటనో యుండును. బాలుని ముఖ మెరుగడు. వానికి కాగితమే బాలుడు.

ఈ సందర్భమున శ్రీనివాస రామానుజన్ కథ చెప్పక తీరదు. 1887లో జన్మించిన ఆ మహనీయుడు కళాశాల పరీక్షలలో దప్పినది గణితమున గాదు, తక్కిన విషయములలో. కాగితము కొన శక్తి లేక ఆయన పలకపై లెక్కచేసి, మోచేతితో తుడిచివేసి, తేలిన ఫలమును మాత్రము నోటుపుస్తకమున నెక్కించుకొనుచుండెను. మదరాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా నుండి, 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు సూత్రములతో నిండిన జాబు వ్రాసెను. హార్డీ అబ్బురపడి, ఉపపత్తులు పంపు మని కోరెను. రామానుజన్ బదులు వినదగినది. 1, 2, 3, 4 అని కడలేక కూడుకొనుచు పోయినచో తన సిద్ధాంతము ప్రకారము ఋణము పండ్రెండవ వంతు వచ్చుననియు, దారి చూపక ఆ మాట చెప్పినచో తనకు పిచ్చాసుపత్రికి దారి చూపుదురనియు వ్రాసెను! ఆ సూత్రమునకు తగిన అర్థ మున్నది. కాని ఒకటిచేతను తనచేతను దప్ప భాగింపబడని సంఖ్యలు ఇంతలోపల నెన్ని యను విషయమున ఆయన చెప్పినది, చెప్పినంత ఖచ్చితముగా నిలువలేదు. దొసగు ఎచ్చట పుట్టినదో లిటిల్‌వుడ్ వంటి దిట్ట ఊహించి పట్టవలసివచ్చెను.

1920లో రామానుజన్ కీర్తిశేషుడయ్యెను. ఆ నోటుపుస్తకములలోని మూడువేలకు పైబడిన ఫలములకు ఉపపత్తులు సమకూర్చి బ్రూస్ బెర్న్ట్ అను అమెరికా పండితుడు అయిదు సంపుటములు వెలువరించెను; మొదటిది 1985లో, కడపటిది 1998లో. ఫలములలో తప్పులు బహు స్వల్పము. ఒక మోచేయి తుడిచినదానిని మరల వ్రాయుటకు ఎందరి ఆయుర్దాయము పట్టెనో చూడుడు.

ఇక మార్కుల మాట. బ్రిటను పరీక్షలలో పద్ధతికి వేరుగను, సమాధానపు సరితనమునకు వేరుగను మార్కు లుంచు ఆచార మున్నది. మనకును మెట్టు మెట్టునకు మార్కు లిచ్చుట పరిపాటియే. మన వడ్డిలెక్కలో 6.40ను 15చే గుణింపవలె నని వ్రాసి, గుణకారమున జారి 95 అనినవానికి పద్ధతి మార్కు దక్కును. ఉత్త 95 వ్రాసినవానికి ఏమియు దక్కదు. ఇది న్యాయమే యని నా తలంపు. ఉత్త 96 వ్రాసినవాని సంగతియే ధర్మసంకటము.

ఒక యేడు నేను దిద్దిన కట్టలో అట్టి పత్రమే వచ్చినది. సమాధానము లన్నియు సరియే. పని యొక్కటియు లేదు. పద్ధతి చూపవలె నని ప్రశ్నపత్రమున అచ్చయి యుండెను. నియమము ప్రకారము నాలుగింటికి ఒక్కొక్కటే వేయుచు పోయితిని. కడపటి పుట తిప్పినపుడు కాగితము గరుకుగా తగిలినది. కిటికీ వెలుగునకు ఎదురుగా పట్టి చూడగా, రబ్బరుతో చెరిపిన పెన్సిలు గీతలలో భాగహారము లన్నియు వరుసగా కానవచ్చినవి. పత్రము శుభ్రముగా నుండవలె నని ఎవరో చెప్పి యుందురు పాపము. దానిని ప్రధాన పరీక్షకుని యొద్దకు గొనిపోతిని. ఆయన కంటద్దములు సరిచేసికొని చాలసేపు చూచి, నాలుగింటికి మూడు వేయుటకు సమ్మతించెను. నేను వేసిన ఒకట్లను కొట్టివేసి, ప్రతిదాని ప్రక్కను సంతకము చేసితిని.