ఉపాధ్యక్ష అభ్యర్థి ఎంపిక – మహిళల ఓట్లు

అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసే నాయకుడు తన పక్కన ఉపాధ్యక్ష పదవికి మరొకరిని ఎంచుకుంటారు. వారిని రన్నింగ్ మేట్ అంటారు. ఇద్దరికీ కలిపి ఓటరు వేసేది ఒకే ఓటు. ఒకరిని తీసుకుని మరొకరిని వదిలేసే వీలు లేదు. ఆ రెండో చోట మహిళను నిలబెడితే మహిళల ఓట్లు కలిసొస్తాయన్నది పార్టీల పాత లెక్క. ఫలితాలు మాత్రం ఆ లెక్కకు పెద్దగా లొంగలేదు.

1984లో డెమోక్రాట్ వాల్టర్ మొండేల్, న్యూయార్క్ కాంగ్రెస్ సభ్యురాలు జెరాల్డీన్ ఫెరారోను ఎంచుకున్నారు. ప్రధాన పార్టీలో ఈ అవకాశం దక్కిన మొదటి మహిళ ఆమే. నవంబరులో ఆయన ప్రత్యర్థి, రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ 49 రాష్ట్రాలు గెలిచారు. మహిళల్లోనూ ఎక్కువమంది రీగన్ వైపే మొగ్గారు. 2008లో రిపబ్లికన్ జాన్ మెక్‌కెయిన్, అలాస్కా గవర్నర్ సారా పేలిన్‌ను రంగంలోకి దించారు. డెమోక్రాట్ల నామినేషన్ ఒబామాకు వెళ్లి, హిల్లరీ క్లింటన్‌కు దక్కలేదని నొచ్చుకున్న మహిళలు తమవైపు వస్తారన్నది ఒక ఆశ. పేలిన్ రాకతో సంప్రదాయవాదుల్లో ఉత్సాహం పెరిగిన మాట నిజమే. కానీ అబార్షన్ హక్కును వ్యతిరేకించే నాయకురాలు హిల్లరీ అభిమానులకు ఎలా నచ్చుతుంది? ఎగ్జిట్ పోల్ ప్రకారం మహిళల్లో 56 శాతం ఒబామాకు, 43 శాతం మెక్‌కెయిన్‌కు ఓటేశారు.

ఈ కథలోకి చెన్నై 2020లో వచ్చింది. మహిళనే ఎంచుకుంటానని ముందే మాటిచ్చిన జో బైడెన్, ఆగస్టు 11న కమలా హారిస్ పేరు ప్రకటించారు. ఆమె తల్లి శ్యామలా గోపాలన్ 1958లో పై చదువులకు బర్క్‌లీ వెళ్లిన తమిళ మహిళ. తాత పి.వి. గోపాలన్ కేంద్ర ప్రభుత్వ అధికారి. రిటైరయ్యాక చెన్నైలోని బెసెంట్ నగర్‌లో ఉండేవారు. ఆ ప్రకటనకు చెన్నై మురిసిపోయింది, అయితే బెసెంట్ నగర్‌కు అమెరికాలో ఓటు లేదు కదా! ఎగ్జిట్ పోల్స్‌లో డెమోక్రాట్లకు మహిళల మద్దతు 2016లో 54 శాతం, 2020లో 57 శాతం. నల్లజాతి మహిళల్లో అది 94 నుంచి 90కి తగ్గింది. కరోనా, ట్రంప్ పాలనపై తీర్పు ముందు ఉపాధ్యక్ష అభ్యర్థి ప్రభావాన్ని విడదీసి చూడటం కష్టం.

2024లో ట్రంప్ ఎంచుకున్నది జె.డి. వాన్స్‌ను. పిల్లల్లేని మహిళలను పిల్లులతో ముడిపెట్టి 2021లో ఆయన చేసిన ఎగతాళి మళ్లీ బయటికొచ్చి దుమారం రేగింది. ఆయన భార్య ఉషా చిలుకూరిది తెలుగు కుటుంబం. ఆమె తాతగారు ఐఐటీ మద్రాసులో పాఠాలు చెప్పారు. ఎగ్జిట్ పోల్‌లో మహిళల్లో ట్రంప్‌కు 45 శాతం, ఈసారి అధ్యక్ష పదవికే పోటీ చేసిన హారిస్‌కు 53 శాతం వచ్చాయి. అయినా గెలిచింది ట్రంపే.

భారత ఉపరాష్ట్రపతిని ఎంపీలు ఎన్నుకుంటారు కాబట్టి ఇక్కడ ఇలాంటి జోడీ ఉండదు. దగ్గరి ఉదాహరణ చెన్నైలోనే ఉంది. 1983లో అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. తన పార్టీ ప్రచార కార్యదర్శిగా జయలలితను నియమించారు. అప్పటికే ఆయనకు మహిళల్లో గట్టి అభిమానం ఉంది, 1982 మధ్యాహ్న భోజన పథకం దాన్ని పెంచింది. ఆయన మరణించాక 1989 ఎన్నికల్లో ఆయన భార్య జానకి, జయలలిత వేర్వేరు వర్గాలుగా తలపడ్డారు. జయలలిత వర్గానికి 27 సీట్లు వచ్చాయి. జానకి ఆండిపట్టిలో స్వయంగా ఓడిపోయారు. పోటీలో ఇద్దరూ మహిళలే అయినప్పుడు మహిళ అన్న ఒక్క కారణం పనిచేయదు. 1991లో ముఖ్యమంత్రి అయ్యాక జయలలిత మహిళల కోసం వరసగా పథకాలు తెచ్చారు. వాటిలో 1992లో చెన్నై థౌజండ్ లైట్స్‌లో తెరిచిన మహిళా పోలీస్ స్టేషన్, ఆడశిశువులను కాపాడే ఊయల పథకం ముఖ్యమైనవి.